ఫాగింగ్ చేస్తున్నా డెంగీ ఎందుకు ఆగట్లేదంటే

మీరు అడిగినవి మూడు. కాలనీలో పొగ బండి తిరుగుతూనే ఉంది, అయినా ఆగస్టు వచ్చేసరికి ఇంటికొకరు డెంగీతో పడిపోతున్నారు, ఎందుకని. రెండేళ్ల కిందట మీ అబ్బాయికి ఒకసారి వచ్చి తగ్గింది కదా, ఇక మళ్లీ రాదనుకోవచ్చా అని. డెంగీని వ్యాపించనివ్వని దోమల్ని వేరే దేశాల్లో వదులుతున్నారట, మన దగ్గర ఎప్పుడు అని. జిల్లాల్లో దోమల సర్వే పని చాలా ఏళ్లు చేసినవాణ్ణి కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు పొగ సంగతి. డెంగీ మోసేది ఏడిస్ ఈజిప్టై, కాళ్ల మీద తెల్ల చారలుండే నల్ల దోమ. ఇది మురిక్కాలవలో పుట్టదు, మన ఇంటి మంచినీళ్లలో పుట్టి మన ఇంట్లోనే బతుకుతుంది. మంచం కింద, తలుపు వెనక తగిలించిన చొక్కాల మధ్య, బీరువా సందులో, కర్టెన్ల మడతల్లో కూర్చుంటుంది. కుట్టేది పగలు, ఎక్కువగా పొద్దెక్కాక కాసేపు, మళ్లీ చీకటి పడేముందు. మరి పొగ బండి ఎప్పుడొస్తుంది? రాత్రి ఏడింటికి, రోడ్డు మీద, మనం వాసనకి తట్టుకోలేక తలుపులు కిటికీలు మూసుకున్నాక. ఆ పొగకి చచ్చేవి ఆ టైముకి బయట తిరుగుతున్న దోమలు, అంటే చాలావరకు మురుగు నీళ్లలో పుట్టే క్యూలెక్స్ దోమలు. డెంగీ దోమ లోపల హాయిగా ఉంటుంది. దానికితోడు ఇన్నేళ్లుగా అదే రకం మందులు, కాయిల్స్‌లో అవే, లిక్విడ్‌లో అవే, స్ప్రేలో అవే, వాటిని తట్టుకునే మార్పులు ఏడిస్ దోమల జన్యువుల్లో వచ్చేశాయని మన దేశంలోనూ చూశారు. గుడ్లనీ, వాటిలోంచి వచ్చి నీళ్లలో పురుగుల్లా పెరిగే లార్వాలనీ పొగ ఏమీ చెయ్యదు కాబట్టి ఇవాళ నాలుగు దోమలు చచ్చినా ఎల్లుండికి కొత్తవి లేస్తాయి. పొగ పూర్తిగా దండగ అని నేననను, కేసులు గుంపుగా వచ్చినప్పుడు ఇంటి లోపల గదిగదికీ కొడితే పని చేస్తుంది, కానీ రోడ్డు మీద బండి తిప్పితే డెంగీ ఆగుతుందని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి.

అసలు సమస్య దీనికంటే లోతుగా ఉంది, అది అర్థం కావాలంటే వైరస్ దోమ లోపల ఏం చేస్తుందో చూడాలి. చాలామంది అనుకునేది దోమ ఒకర్ని కుట్టి ఆ రక్తం మూతికి అంటుకుని ఉండగానే ఇంకొకర్ని కుడితే అంటుతుందని. డెంగీ వ్యాపించే అసలు దారి అది కాదు. తాగిన రక్తం దోమ కడుపులోకి పోతుంది, అక్కడ పేగు గోడ కణాల్లోకి వైరస్ చొరబడి పెరగాలి, ఆ గోడ దాటి ఒంట్లోకి రావాలి, అక్కణ్ణుంచి లాలాజల గ్రంథుల దాకా పోయి అక్కడ మళ్లీ పెరగాలి, అప్పుడే తర్వాతి కాటుతో ఉమ్ము ద్వారా మనిషిలోకి దిగుతుంది. దీనికి పట్టే టైము వేడిని బట్టి ఉంటుంది, పాత ప్రయోగాల లెక్కలన్నీ కలిపి చూస్తే 25 డిగ్రీల దగ్గర సగటున 15 రోజులు, 30 డిగ్రీల దగ్గర ఆరున్నర రోజులు. చూడండి, ఐదు డిగ్రీల తేడాకి టైము సగానికన్నా తక్కువైపోయింది. పెద్ద దోమ ఆయుష్షే రెండు మూడు వారాలు, కాబట్టి చల్లగా ఉంటే వైరస్ పక్వానికొచ్చేలోపే చాలా దోమలు చచ్చిపోతాయి, వెచ్చగా ఉంటే బతికుండగానే సిద్ధమైపోతాయి. అలాగని ఎండ మండిపోతే ఇంకా పెరుగుతుందనీ కాదు, డెంగీ వ్యాప్తికి అన్నిటికన్నా అనుకూలం 29 డిగ్రీల దరిదాపులు, 34 దాటాక పడిపోతుంది. మనకి మే నెల్లో 44 డిగ్రీల ఎండల్లో కేసులు తక్కువుండి, వానలు పడి చల్లబడ్డాక జులై నుంచి అక్టోబరు, నవంబరు దాకా ఎగబడటంలో వాన నీళ్లతో పాటు ఈ వేడి లెక్క కూడా ఉంది.

ఇప్పుడు మనిషి వైపు చూడండి. దోమ కుట్టాక జ్వరం రావడానికి 4 నుంచి 10 రోజులు. జ్వరం మొదలవడానికి ఒకట్రెండు రోజుల ముందు నుంచే రక్తంలో వైరస్ ఉంటుంది, అంటే మనిషి ఆఫీసుకి పోతూ, పెళ్లిళ్లకి పోతూ ఉన్నప్పుడే దోమలకి అంటిస్తున్నాడు. జ్వరమొచ్చాక రెండ్రోజులు మెడికల్ షాపు మాత్రలు, మూడో రోజు డాక్టరు, నాలుగో రోజు టెస్టు, ఆ రిపోర్టు ఆరోగ్య శాఖకి చేరి వాళ్లు మీ వీధికి వచ్చేసరికి వారం. ఈ వారంలో ఆయన్ని కుట్టిన దోమలు 30 డిగ్రీల వేడిలో దాదాపు తయారైపోయి ఉంటాయి. పైగా డెంగీ సోకినవాళ్లలో ఎక్కువమందికి జ్వరమే రాదు. 2013లో వచ్చిన ప్రపంచ అంచనా ఏడాదికి 39 కోట్ల మందికి సోకుతుందని, అందులో పైకి జబ్బుగా కనిపించేది 9 కోట్ల 60 లక్షల మందిలోనే. ఆ జ్వరం రాని వాళ్ల వల్ల దోమలకి అంటదులే అనుకునేవాళ్లు, 2015లో కంబోడియాలో చేసిన ప్రయోగంలో లక్షణాలేమీ లేనివాళ్ల రక్తం తాగిన దోమలకి కూడా వైరస్ సోకిందని తేలింది. అంటే మనం రిపోర్టు పట్టుకుని వెతుకుతున్న కేసుల వెనక మనకి కనపడని కేసులు అంతకు ఎన్నో రెట్లు నడుస్తున్నాయన్నమాట.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది, దీన్ని గట్టిగా చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. ఈ దోమ దూరం ఎగరదు. థాయ్‌లాండ్‌లో, ప్యూర్టోరికోలో దోమలకి రంగు పూసి వదిలిపెట్టి మళ్లీ పట్టుకుని చూశారు, ఎక్కువ దోమలు వదిలిన ఇంట్లోనో పక్కింట్లోనో దొరికాయి, వంద మీటర్లు దాటినవి కొద్దే. మరి వంద మీటర్లు పోలేని దోమతో జబ్బు ఊరంతా ఎలా పాకుతోంది? పెరూ దేశంలో ఇకిటోస్ అనే ఊళ్లో పరిశోధకులు జ్వరం వచ్చినవాళ్లని కూర్చోబెట్టి గత రెండు వారాల్లో ఎవరెవరిళ్లకి వెళ్లావు, ఎంతసేపు ఉన్నావు అని ఒక్కొక్కటీ అడిగి, ఆ ఇళ్లలో వాళ్లకి టెస్టులు చేశారు. 2013లో బయటికొచ్చిన ఫలితం ఏంటంటే డెంగీ రోగి వెళ్లొచ్చిన ఇళ్లలో వాళ్లకి సోకే అవకాశం బాగా ఎక్కువ, ఆ ఇల్లు పక్క వీధిలో ఉందా ఊరి చివర ఉందా అన్నది పెద్ద లెక్కలోది కాదు. అంటే వైరస్‌ని ఇంటి నుంచి ఇంటికి తిప్పుతున్నది మనుషులు, అమ్మమ్మగారిల్లు, ట్యూషన్, స్నేహితుడి గది, చుట్టాలిల్లు. దోమ చేసేది ఆఖరి పది అడుగుల పని.

అందుకే నేను పని చేసిన రోజుల్లోనూ, ఇప్పుడు అడిగినవాళ్లకీ ఒకటే చెప్తుంటాను, కేసు రాగానే రోగి ఇంటి చుట్టూ యాభై ఇళ్లు గీత గీసుకుని అక్కడే తిరిగితే సగం పనే. జ్వరం రాకముందు రెండు వారాలు ఈ మనిషి పగటి పూట ఎక్కడ గడిపాడో అడగండి. పిల్లాడైతే స్కూలు, ఆడవాళ్లైతే కుట్టు సెంటరో షాపో, మేస్త్రీ అయితే కడుతున్న అపార్టుమెంటు. కట్టుబడి జరిగే చోట స్లాబ్ మీద క్యూరింగ్‌కి నిలబెట్టిన నీళ్లు, లిఫ్టు గుంత, సెల్లారులో ఊరిన నీళ్లు, డ్రమ్ములు, ఇవన్నీ ఉంటాయి, కాలనీ ఇళ్లలో తొట్లు ఎంత బాగా కడిగినా అక్కణ్ణుంచి వస్తూనే ఉంటాయి. మీ కాలనీ పక్కన ఏదైనా కడుతుంటే ముందు అటు చూడండి.

ఇదే మాట దేశాల మధ్య కూడా నిజమే. 2006 గుర్తుందా, మన ఊళ్లకి ఊళ్లు కీళ్ల నొప్పులతో మంచాన పడ్డాయి, రాయలసీమలో అయితే వంట చేసేవాళ్లు లేని ఇళ్లు ఉండేవి. చికున్‌గున్యా మనకి కొత్త కాదు, 1963లో కలకత్తాలో వచ్చింది, 1965లో మద్రాసు, విశాఖ, రాజమండ్రి, కాకినాడల్లో వచ్చింది, 1973 తర్వాత మాయమైపోయింది. ముప్ఫై రెండేళ్లు చప్పుడు లేదు. 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ మొదలై 2006లో దేశం మొత్తం మీద దాదాపు 14 లక్షల అనుమానిత కేసులయ్యాయి. పుణె జాతీయ వైరాలజీ సంస్థ వాళ్లు జన్యువులు చదివి చూస్తే ఇది ఆ పాత ఆసియా రకం కాదు, ఆఫ్రికా వైపు నుంచి హిందూ మహాసముద్రం దీవుల మీదుగా తిరుగుతున్న రకం. అదే కాలంలో రీయూనియన్ దీవిలో జనాభాలో మూడో వంతు మందికి సోకింది. అక్కడ వైరస్ పైపొర ప్రోటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం, అంటే ప్రోటీన్ గొలుసులో ఒక్క పూస, మారింది, ఆ చిన్న మార్పుతో అసలైన టైగర్ దోమ, అంటే ఏడిస్ ఆల్బోపిక్టస్, అంతకుముందు కన్నా చాలా తేలిగ్గా ఈ వైరస్‌ని మోయగలిగింది. 2007లో కేరళలోనూ ఆ మార్పున్న రకం కనపడింది, టైగర్ దోమ అక్కడ రబ్బరు తోటల్లో విపరీతం. అదే ఏడు కేరళ నుంచి ఒక మనిషి ఇటలీలో రవెన్నా దగ్గర చుట్టాలింటికి వెళ్లాడు, జ్వరం వచ్చింది, ఆ రెండు పల్లెల్లో రెండొందల మంది పైగా పడిపోయారు. ఇటలీకి ఆ టైగర్ దోమ ఎలా వచ్చిందంటే అంతకు చాలా ఏళ్ల ముందే వాడేసిన టైర్ల దిగుమతితో, టైరు లోపల అంటుకున్న ఎండు గుడ్ల రూపంలో. వైరస్ విమానంలో వెళ్లింది, దోమ ఓడలో వెళ్లింది, రెండూ ఒక పల్లెలో కలిశాయి.

ఆ గుడ్ల దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఏడిస్ గుడ్లు నీళ్లలో పెట్టదు, నీటి మట్టానికి కాస్త పైన తడి గోడ మీద ఒక్కొక్కటిగా అంటిస్తుంది. సర్వేలో సిమెంటు తొట్టి మూత తీసి టార్చి వేస్తే ఏం కనపడుతుందో చెప్తాను. వెలుగు పడగానే లార్వాలన్నీ మెలికలు తిరుగుతూ అడుక్కి దిగిపోతాయి, ఇంటివాళ్లు నీళ్లు శుభ్రంగానే ఉన్నాయి చూడండి అంటారు, కదలకుండా ఓ నిమిషం ఆగితే ఒక్కొక్కటీ పైకొచ్చి తోక దగ్గరి గొట్టాన్ని నీటి పైపొరకి ఆనించి తలకిందులుగా వేలాడతాయి. ఆ నీటి గీతకి పైన గోడ మీద గసగసాల్లో సగమంత నల్ల చుక్కలు, అవీ గుడ్లు. మీరు తొట్టి ఒంపేస్తారు, లార్వాలు పోతాయి, ఆ చుక్కలు అలాగే ఉంటాయి, ఆరు నెలలు ఎండినా చావవు, మళ్లీ నీళ్లు పట్టి అవి మునిగితే గంటల్లో పొదుగుతాయి. అందుకని ఒంపడం చాలదు, గోడల్ని కొబ్బరి పీచుతోనో బ్రష్షుతోనో గట్టిగా రుద్దాలి. ఎండాకాలం అయిపోగానే కూలర్ తుడవకుండా అటకెక్కించేవాళ్లు వచ్చే ఏడాదికి గుడ్లు దాచుకుంటున్నట్టే. శుక్రవారం డ్రై డే, అంటే నిల్వ నీళ్లన్నీ ఒంపి తొట్లు ఆరబెట్టే రోజు, అని ఆశా వర్కర్లు చెప్పేది తమాషాకి కాదు, గుడ్డు నుంచి రెక్కలొచ్చే దోమ దాకా మన వేడిలో వారం పది రోజులు, వారానికోసారి రుద్దితే మధ్యలో తెగిపోతుంది. మనకి నీళ్లు రోజు విడిచి రోజు వదులుతారు కాబట్టి జనం డ్రమ్ముల్లో పట్టుకోక తప్పదు, అది వాళ్ల తప్పు కాదు, రోజూ కుళాయి వచ్చే వీధిలో డ్రమ్ములే ఉండవు. డెంగీ గురించి మాట్లాడేవాళ్లు మంచినీళ్ల సరఫరా గురించి మాట్లాడకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

అన్ని దోమ జ్వరాలకీ ఇదే లెక్క అనుకోకండి. మెదడువాపు, అంటే జపనీస్ ఎన్సెఫలైటిస్, వరిపొలాల్లో పుట్టే క్యూలెక్స్ దోమలది, పందుల్లోనూ కొంగల్లోనూ పెరుగుతుంది, మనిషి రక్తంలో దోమకి అంటేంత వైరస్ ఉండదు కాబట్టి మనిషి నుంచి మనిషికి పోదు. అమెరికాలో డాలస్ వైపు ఉన్న మనవాళ్లు భయపడే వెస్ట్ నైల్ కూడా అంతే, పక్షుల నుంచి వస్తుంది. డెంగీకి, చికున్‌గున్యాకి ఊళ్లలో వైరస్ ఉండి పెరిగే చోటు మనిషే, జంతువులతో పనే లేదు, అందుకే సిటీల్లో ఇంతగా పెరుగుతాయి.

ఇక మీ అబ్బాయి సంగతి. డెంగీ వైరస్ నాలుగు రకాలు. ఒక రకం వచ్చి తగ్గితే ఆ రకం నుంచి దాదాపు జీవితాంతం రక్షణ, మిగతా మూడింటి నుంచి మాత్రం కొన్ని నెలలే. ఆ తర్వాత వేరే రకం సోకితే మొదటిసారి కన్నా సీరియస్ అయ్యే అవకాశం ఎక్కువ, అందరికీ అవుతుందని కాదు. దీన్ని అందరికంటే ముందు గట్టిగా పట్టుకున్నవాడు స్కాట్ హాల్‌స్టెడ్, 1960ల్లో బ్యాంకాక్ పిల్లల ఆస్పత్రుల్లో చూస్తే సీరియస్ అయ్యేవాళ్లు రెండు గుంపులు, రెండోసారి సోకిన పిల్లలు, మొదటిసారే సోకిన నెలల పసికందులు. పసికందులకి ఎందుకంటే తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఒంట్లో తగ్గుతూ ఉన్నాయి, వైరస్‌ని చంపడానికి చాలవు, పట్టుకోవడానికి మాత్రం సరిపోతాయి, అలా పట్టుకున్న వైరస్ ఆ యాంటీబాడీని తాళంచెవిలా వాడుకుని రక్షణ కణాల్లోకే దూరిపోతుంది. క్యూబాలో ఇది పెద్ద ఎత్తున కనపడింది, 1977లో మొదటి రకం వచ్చింది, పెద్దగా చావులు లేవు, 1981లో రెండో రకం వచ్చింది, 158 మంది పోయారు. 1997లో శాంటియాగోలో మళ్లీ రెండో రకం వస్తే ఇరవై ఏళ్ల కిందట మొదటి రకం సోకిన పెద్దవాళ్లే ఎక్కువగా సీరియస్ అయ్యారు, అంటే ఆ గుర్తు ఒంట్లో అన్నేళ్లు ఉంటుంది.

ఈ కారణం వల్లే టీకా ఇంత ఆలస్యం. ఫిలిప్పీన్స్‌లో 2016 నుంచి 8 లక్షల మంది పైగా బడిపిల్లలకి డెంగ్వాక్సియా అనే డెంగీ టీకా వేశారు, 2017 నవంబరులో దాన్ని తయారు చేసిన కంపెనీయే చెప్పింది, అంతకుముందు డెంగీ రానివాళ్లకి ఇది వేస్తే తర్వాత సోకినప్పుడు సీరియస్ అవ్వొచ్చని. టీకా వాళ్ల ఒంట్లో మొదటి ఇన్ఫెక్షన్‌లా పని చేసింది. ప్రోగ్రాం ఆపేశారు, అక్కడి తల్లిదండ్రులు మిగతా టీకాల్ని కూడా నమ్మడం తగ్గించారు, అది డెంగీ కన్నా పెద్ద నష్టం. ఇప్పుడు మన దేశంలో ఐసీఎంఆర్, అంటే కేంద్ర వైద్య పరిశోధన మండలి, పానేసియా బయోటెక్ అనే టీకాల కంపెనీ కలిసి ఒక్క డోసు టీకాకి మూడో దశ ట్రయల్ 2024 ఆగస్టులో మొదలుపెట్టాయి, పది వేల మంది పైగా పెద్దవాళ్ల మీద. జపాన్ టకేడా వాళ్ల రెండు డోసుల టీకా తయారీకి మన హైదరాబాద్ బయోలాజికల్ ఇ అదే ఏడు ఒప్పందం చేసుకుంది. తొందరపడకుండా రెండు మూడేళ్లు వెంటాడి చూడటమే సరైనదని నా గట్టి అభిప్రాయం, ఫిలిప్పీన్స్ పిల్లల తర్వాత ఇంకోలా ఆలోచించే హక్కు ఎవరికీ లేదు.

దోమల్ని వదలడం గురించి. వోల్బాకియా అనేది పండ్ల ఈగలో ఉండే బాక్టీరియా, ఆస్ట్రేలియాలో స్కాట్ ఓనీల్ బృందం దాన్ని ఏడిస్ గుడ్లలోకి ఎక్కించింది. ఆ బాక్టీరియా ఉన్న దోమలో డెంగీ వైరస్ సరిగ్గా పెరగదు. ఇంకో గుణం, ఆ బాక్టీరియా ఉన్న మగదోమతో లేని ఆడదోమ కలిస్తే గుడ్లు పొదగవు, ఆడదోమకి ఉంటే పిల్లలన్నిటికీ వస్తుంది, అందుకని కొన్ని వారాలు వదిలితే చాలు, తర్వాత దానంతటదే పాకుతుంది. ఇండోనేసియాలో యోగ్యకర్త నగరాన్ని 24 ముక్కలు చేసి చీటీ వేసినట్టు 12 ముక్కల్లో వదిలారు, 2021లో ఫలితాలొచ్చాయి, వదిలిన చోట డెంగీ 77 శాతం తక్కువ, ఆస్పత్రిలో చేరడం 86 శాతం తక్కువ. దోమల మీద ఇంత శుభ్రంగా చేసిన ట్రయల్ నేను ఇంకోటి చూళ్లేదు. మనకి పుదుచ్చేరిలో ఐసీఎంఆర్ కీటక పరిశోధన కేంద్రం స్థానిక దోమల్లోకే రెండు రకాల వోల్బాకియా ఎక్కించి సిద్ధం చేసింది, 2022లో ఆ సంగతి బయటికి చెప్పారు. యోగ్యకర్తలో వాడిన రకానికి వేడి పడదు, లార్వాలున్న నీళ్లు రోజూ 37 డిగ్రీలకి పోతుంటే బాక్టీరియా తగ్గిపోతుందని ల్యాబులో చూశారు, ఇంకో రకం వేడికి బాగా తట్టుకుంటుంది, దాన్ని మలేసియాలో వాడారు. మన విజయవాడ, రామగుండం ఎండలకి ఆ రెండో రకమే నయమని నేననుకుంటున్నా. ఒకవేళ మీ ఊళ్లో వదిలే రోజు వస్తే అప్పుడు పొగ బండి ఆపాలి, మీరు వదిలిన దోమల్నే మీరు చంపుకోకూడదు, ఇది జనానికి ముందే చెప్పి ఒప్పించాలి.

మీ అబ్బాయికి మళ్లీ జ్వరం వస్తే మొదటి ఐదు రోజుల్లో అయితే ఎన్ఎస్1 (వైరస్ ప్రోటీన్‌ని పట్టే రక్త పరీక్ష), తర్వాతైతే ఐజీఎం (యాంటీబాడీల్ని పట్టే పరీక్ష), వీలైతే కార్డు మీద కాకుండా ల్యాబులో చేసే ఎలీజా పద్ధతిలో చేయించండి, రెండోసారి సోకినవాళ్లలో ర్యాపిడ్ కార్డులో ఎన్ఎస్1 దొరక్కపోవచ్చు. పారాసెటమాల్ తప్ప ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు. జ్వరం తగ్గిందని సంబరపడి స్కూలుకి పంపొద్దు, ప్రమాదం ఎక్కువగా అప్పుడే, జ్వరం దిగాక ఒకట్రెండు రోజులు. కడుపులో గట్టిగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోంచి రక్తం, మత్తుగా పడుకోవడం, మూత్రం తగ్గడం, వీటిల్లో ఏది కనపడినా అర్ధరాత్రైనా ఆస్పత్రికి తీసుకెళ్లండి. అందరూ ప్లేట్‌లెట్లే చూస్తారు, డాక్టరుగారిని హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్ర కణాలు ఎంత శాతమో చెప్పే లెక్క, కూడా అడగండి, రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారుతోందని ముందు చెప్పేది అదే. జ్వరం ఉన్న వారం పగలు కూడా దోమతెర కింద పడుకోబెట్టండి, అది మీ ఇంట్లో మిగతావాళ్ల కోసం, ఎందుకంటే ఈ దోమ ఒకే పూట ఇద్దరు ముగ్గుర్ని కుడుతుంది. రెండేళ్ల కిందటి రిపోర్టు పారేయకుండా ఫైల్లో ఉంచండి, మళ్లీ జ్వరమొస్తే ముందు అదే చూపించండి, రేపు ఏ టీకా వచ్చినా డాక్టర్లు అడిగే మొదటి ప్రశ్న ఇంతకుముందు డెంగీ వచ్చిందా అన్నదే.